నెట్, సిగ్నల్, ఓటీపీ: ఫోన్ మాటలు ఒక్కొక్కటిగా తెలుసుకుందాం

మా రీచార్జ్ షాపు బెంగళూరులో, మారతహళ్లి పక్కన మున్నేకొళాలలో ఉంది. సొంతూరు కదిరి. ఈ వీధుల్లో పీజీల్లో ఉండే పిల్లలు, అపార్ట్‌మెంట్లలో వంటకు వెళ్లే అక్కలు, సెంట్రింగ్ మేస్త్రీలు, కొడుకు దగ్గరో కూతురు దగ్గరో కొన్నాళ్లు ఉందామని వచ్చిన పెద్దవాళ్లు, చాలామంది మనవాళ్లే. కౌంటర్ మీద ఫోన్ పెట్టి ఎక్కువమంది అనేది ఒకటే: "అన్నా, నెట్ పోయింది." అలా అన్నప్పుడు సిమ్ వ్యాలిడిటీ అయిపోయి ఉండొచ్చు. ఆ రోజు డేటా అయిపోయి ఉండొచ్చు. వైఫై కలిసే ఉన్నా ఇంటికొచ్చే కేబుల్ తెగి ఉండొచ్చు. వాట్సాప్ ఒక్కటే ఆగి ఉండొచ్చు. ఏది పోయిందో పేరు పెట్టి చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే, చాలాసార్లు షాపుదాకా రానక్కర్లేదు కూడా. పైగా ఈ తేడాలు మనకు తెలియవన్న ధీమాతోనే మోసగాళ్లు ఫోన్లు చేస్తున్నారు. అందుకే రోజూ కౌంటర్ దగ్గర చెప్పేదాన్ని ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు రెండు దారులు

మీ ఫోన్ నుంచి మాటైనా మెసేజైనా బయటికి వెళ్లడానికి రెండు దారులున్నాయి. ఒకటి సిమ్ కంపెనీ దారి. మామూలు కాల్, ఎస్ఎంఎస్ ఇందులో వెళ్తాయి. వీటికి మీ డేటా ప్యాక్‌తో పని లేదు, సిగ్నల్, వ్యాలిడిటీ ఉంటే చాలు. రెండోది ఇంటర్నెట్ దారి. వాట్సాప్, టెలిగ్రామ్, ఈమెయిల్, వీడియో కాల్ అన్నీ ఇందులోవే. వీటికి డేటా గానీ వైఫై గానీ ఉండాలి. ఏ సమస్య వచ్చినా ముందు ఇది ఏ దారిలో వచ్చిందని అడగండి. మిగతావన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి.

మొన్న ఒక పెద్దమ్మ షాపుకొచ్చింది. కొడుకుకి పొద్దున పెట్టిన వాట్సాప్ మెసేజ్‌కు సాయంత్రమైనా ఒకే టిక్. "ఏమైందో ఏమో నాయనా" అని ఒకటే టెన్షన్. ఆమె ఫోన్ తీసుకుని మామూలు కాల్ చేశా. రెండు రింగులకే ఎత్తాడు. ఆఫీసులో మీటింగుల మధ్య డేటా ఆపేసి మళ్లీ పెట్టుకోవడం మరిచిపోయాడంతే. ఇంటర్నెట్ దారి మూసుకుపోయినా సిమ్ దారి తెరిచే ఉంది. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఈ ఒక్కటి నేర్పండి: వాట్సాప్‌లో జవాబు రాకపోతే మామూలు కాల్ చేయమని.

ఈ రెంటి మధ్య తికమక పెట్టేది ఆర్‌సీఎస్. గూగుల్ మెసేజెస్ యాప్‌లో చూడ్డానికి ఎస్ఎంఎస్‌లాగే ఉంటుంది గానీ ఇంటర్నెట్ మీద వెళ్తుంది. టైప్ చేసే గడిలో ఆర్‌సీఎస్ అని కనిపిస్తే అది డేటాతో వెళ్తోందని గుర్తు.

సిగ్నల్, వ్యాలిడిటీ, డేటా

సిగ్నల్ అంటే మీ ఫోన్‌కు, దగ్గర్లోని టవర్‌కు మధ్య ఉన్న సంబంధం. పైన కనిపించే గీతలు అదే చెప్తాయి. గీతలు నిండుగా ఉన్నా నెట్ రాకపోవచ్చు, ఎందుకంటే డేటా వేరే లెక్క. వ్యాలిడిటీ అంటే మీ ప్లాన్ గడువు. అది దాటితే డేటా మిగిలి ఉన్నా వాడుకోలేరు.

రోజుకు ఒకటిన్నర, రెండు జీబీ ఇచ్చే ప్లాన్లలో ఆ కోటా అర్ధరాత్రి దాటాక మళ్లీ మొదలవుతుంది. కోటా అయిపోగానే నెట్ పూర్తిగా ఆగదు. చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. అప్పుడు వాట్సాప్‌లో రాసిన మాటలు వెళ్తాయి, ఫోటో మాత్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. "ఫోన్ పాడైంది, స్లో అయింది" అని తెచ్చేవాళ్లలో చాలామందిది ఇదే సంగతి. కంపెనీ యాప్‌లో ఆ రోజు మిగిలిన డేటా చూసుకోండి.

వోల్టీ అంటే 4జీ నెట్‌వర్క్ మీద వెళ్లే మామూలు కాల్. 4జీ మీద వెళ్లినా మీ డేటా ప్యాక్ కట్ కాదు. ఇది తెలియాల్సిన కారణం ఒకటుంది. జియోకు 2జీ, 3జీ లేవు, అందుకే వోల్టీ లేని పాత ఫోన్‌లో ఆ సిమ్ వేస్తే మామూలు కాల్ వెళ్లదు. నాన్నకు పాత ఫోన్ ఇచ్చి కొత్త సిమ్ వేయించే ముందు ఇది చూసుకోవాలి.

ఆంధ్రా సిమ్‌తో బెంగళూరు వచ్చినవాళ్లకు రోమింగ్ అనే మాట భయం పుట్టిస్తుంది. మామూలు అన్‌లిమిటెడ్ ప్లాన్లలో దేశం లోపల రోమింగ్‌కు వేరే డబ్బులు కట్ కావు. కానీ సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే కొన్ని ఫోన్లలో ఇక్కడ నెట్ రాదు. బస్సు దిగిన రోజే నెట్ ఆగిందంటే ముందు అది చూడండి.

వైఫై ఉంది, నెట్ లేదు

వైఫై అంటే మీ ఇంట్లోని రౌటర్ నుంచి ఫోన్‌దాకా ఉండే గాలిలోని సంబంధం మాత్రమే. ఇంటర్నెట్ ఆ రౌటర్‌కు బయటినుంచి, తీగలో రావాలి. అందుకే వైఫై గుర్తు నిండుగా ఉన్నా పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు కనిపిస్తుంది. బెంగళూరులో ఫైబర్ తీగలు చెట్ల మీదుగా, స్తంభాల మీదుగా పోతుంటాయి. వానకు కొమ్మ విరిగినా, రోడ్డు తవ్వినా తెగుతాయి. రౌటర్ దగ్గరుండే డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని రాసిన చోట ఎర్రలైటు వెలిగితే తీగలో వెలుతురు రావట్లేదని అర్థం. అప్పుడు రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు, కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి "ఎల్‌ఓఎస్ రెడ్ ఉంది" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అవతలివాళ్లు అదీ ఇదీ నొక్కించకుండా నేరుగా మనిషిని పంపే అవకాశం ఎక్కువ.

ఇంకో గొడవ వేగం గురించి. "100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా, డౌన్‌లోడ్‌లో 12 దాటట్లేదు, మోసం చేశారు" అంటాడు పీజీ కుర్రాడు. మోసం కాదు. ఎంబీపీఎస్‌లోది బిట్టు. డౌన్‌లోడ్‌లో చూపే ఎంబీ బైటు లెక్క. 8 బిట్లు ఒక బైటు. 100ని 8తో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర ఎంబీ. సరిగ్గానే వస్తోందన్నమాట.

ఎస్ఎంఎస్: తెలుగులో రాస్తే ఎందుకు ముక్కలవుతుంది

మొదటి ఎస్ఎంఎస్ 1992 డిసెంబరు 3న ఇంగ్లండ్‌లో వెళ్లింది, క్రిస్మస్ శుభాకాంక్షలతో. అప్పుడు పెట్టిన కొలతే ఇప్పటికీ నడుస్తోంది: ఒక ఎస్ఎంఎస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు అక్షరానికి 16 బిట్లు కావాలి, అందుకే 70తో సరి. ఆ 70 కూడా మనం కళ్లతో చూసే అక్షరాలు కావు. ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అని రాయండి. మనకు ఒకే అక్షరం. ఫోన్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: మొత్తం ఆరు. 70 దాటితే మెసేజ్ ముక్కలవుతుంది, ముక్కకు 67 చొప్పున. అవతల కలిపి ఒకటిగానే చూపిస్తుంది గానీ కంపెనీ ప్రతి ముక్కనూ ఒక ఎస్ఎంఎస్‌గా లెక్కేస్తుంది. ప్లాన్‌లో రోజుకు 100 ఎస్ఎంఎస్‌లే ఉన్నప్పుడు పెళ్లి పిలుపు తెలుగులో అందరికీ పంపితే మధ్యలో ఆగిపోయేది ఇందుకే. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క ఎమోజీ పెట్టినా మొత్తం 70 లెక్కకు మారిపోతుంది. అలాగని తెలుగు మానేయమని నేను చెప్పను. ఊరికి తెలుగులోనే రాయండి, పొడుగ్గా ఉంటే వాట్సాప్‌లో పంపండి.

ఎస్ఎంఎస్ ఎవరు పంపారో పైన ఉండే పేరు చూసి కొంత చెప్పొచ్చు. బ్యాంకులు, కంపెనీలు పది అంకెల మామూలు నంబరు నుంచి పంపవు. వాటికి రిజిస్టరైన పేరు ఉంటుంది, దాన్ని హెడర్ అంటారు. ముందుండే రెండు అక్షరాలు టెలికాం కంపెనీని, సర్కిల్‌ని, అంటే ఏ ప్రాంతమో చెప్తాయి. 2025లో టెలికాం కంపెనీలను నియంత్రించే ట్రాయ్ చివర కూడా ఒక అక్షరం పెట్టించింది. పీ అని ఉంటే ప్రకటన, ఎస్ అంటే సేవకు సంబంధించింది, టీ అంటే ఓటీపీలాంటి లావాదేవీ, జీ అంటే ప్రభుత్వానిది. "ఈ రాత్రికి మీ కరెంటు కట్ చేస్తున్నాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని పది అంకెల నంబరు నుంచి వస్తే చదవడం కూడా అనవసరం, తీసేయండి. హెడర్ సరిగ్గానే ఉన్నా లింక్ కనిపిస్తే తొందరపడొద్దు.

వాట్సాప్‌లో తెలియాల్సినవి

ఒక బూడిదరంగు టిక్ అంటే మెసేజ్ మీ ఫోన్ దాటి వాట్సాప్ సర్వర్‌కు చేరింది, అవతలి ఫోన్‌కు ఇంకా చేరలేదు. రెండు బూడిద టిక్కులు అంటే ఫోన్‌కు చేరింది. నీలం అయితే చదివారు. నీలం టిక్కులు రాకుండా ఆపుకునే సెట్టింగ్ ఉంది కాబట్టి "చదివి కూడా జవాబివ్వలేదు", "చదవనే లేదు" అని వియ్యపురాళ్ల మధ్య మాట పెరగనివ్వకండి.

ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అనే పొడుగు మాటకు అర్థం ఇది: మెసేజ్ మీ ఫోన్‌లోనే తాళం పడి, అవతలి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో వాట్సాప్ కంపెనీ కూడా చదవలేదు. 2016 నుంచి మనం ఒకరికొకరు రాసుకునే చాట్లకూ గ్రూపులకూ ఇది ఉంది. కానీ తాళం దారి పొడవునా మాత్రమే. అవతలివాళ్లు స్క్రీన్‌షాట్ తీసి పది మందికి పంపితే అదేమీ చేయలేదు. గ్రూపులో పెట్టిన ఆధార్ ఫోటో గ్రూపులో ఉన్న ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది. దయచేసి ఆధార్, పాస్‌బుక్ ఫోటోలు గ్రూపుల్లో పెట్టకండి.

ఫార్వర్డెడ్ అని పైన రాసి ఉంటే పంపినవాళ్లు రాసింది కాదు. రెండు బాణాలతో చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని చూపిస్తే దాన్ని ఒకసారికి ఒక చాట్‌కే పంపగలరు. 2020లో వదంతులు ఆపడానికి పెట్టిన హద్దు అది. ఆ గుర్తున్న ఆరోగ్య చిట్కాను నమ్మి షుగర్ మాత్రలు ఆపకండి.

ఇక బ్యాకప్. నా షాపులో కన్నీళ్లు చూసేది దీని దగ్గరే. ఫోన్ పోయాక "నా వాట్సాప్ తెచ్చివ్వన్నా, మా ఆయన వాయిస్ మెసేజ్‌లున్నాయి" అని ఒక అక్క అడిగింది. ఆయన లేరు. వాట్సాప్ ఖాతా నంబరుతో ముడిపడి ఉంటుంది, అది కొత్త సిమ్‌తో తిరిగొస్తుంది. పాత చాట్లు మాత్రం బ్యాకప్ ఉంటేనే వస్తాయి. ఆండ్రాయిడ్‌లో ఆ బ్యాకప్ ఉండేది గూగుల్ ఖాతాలో, అంటే మీ జీమెయిల్‌లో. ఆమె జీమెయిల్ ఎప్పుడో ఫోన్ కొన్నచోట ఎవరో కుర్రాడు పెట్టింది. పేరు తెలియదు, పాస్‌వర్డ్ తెలియదు. ఆ గొంతు తిరిగి తేవడం నా వల్ల కాలేదు. కాబట్టి ఈ రోజే చేయండి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ తెరవండి. ఏ జీమెయిల్ ఉందో చూడండి, చివరి బ్యాకప్ తేదీ చూడండి. ఆ జీమెయిల్, పాస్‌వర్డ్ ఇంట్లో రేషన్ కార్డు పెట్టుకునే చోట ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. ఉచితంగా వచ్చేది 15 జీబీ, అందులోనే ఫోటోలూ మెయిళ్లూ. అది నిండితే బ్యాకప్ ఆగిపోతుంది. గుడ్ మార్నింగ్ వీడియోలు తీసేస్తే చాలావరకు చోటు దొరుకుతుంది. పోతే తట్టుకోలేమనుకునే గొంతులు, ఫోటోలు వేరుగా ఇంకో ఫోన్‌కో పెన్‌డ్రైవ్‌కో ఎక్కించుకోండి.

ఓటీపీ: రెండు దారులూ కలిసే చోటు

ఓటీపీ అంటే ఒక్కసారికే పనికొచ్చే రహస్య అంకె. దాని పని ఒక్కటే: ఈ నంబరు నిజంగా ఈ మనిషి చేతిలో ఉందా అని తేల్చడం. వాట్సాప్ కొత్త ఫోన్‌లో తెరిచేటప్పుడు వచ్చే ఆరంకెల కోడ్ కూడా అదే. అది సాధారణంగా సిమ్ దారిలో ఎస్ఎంఎస్‌గా వస్తుంది, తెరిచేది మాత్రం ఇంటర్నెట్ దారిలోని ఖాతాని. అందుకే మోసగాడికి మీ ఫోన్ అక్కర్లేదు, ఆ ఆరంకెలు చాలు. తెలిసినవాళ్ల వాట్సాప్ నుంచే "పొరపాటున నా కోడ్ నీకొచ్చింది, పంపవా" అని అడిగితే వాళ్ల ఖాతా అప్పటికే పోయిందని లెక్క. వాళ్లకు మామూలు కాల్ చేసి చెప్పండి. మీ వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుంటే కోడ్ దొరికినా ఇంకో పిన్ లేకుండా లోపలికి రాలేరు. సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ఉంటుంది.

సిమ్ పోయి కొత్తది తీసుకున్నప్పుడు తొలి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, వెళ్లవు. ప్రభుత్వం కావాలనే అలా పెట్టింది, దొంగ మీ పేరుతో సిమ్ తీసుకున్నా వెంటనే ఓటీపీలు అందుకోకుండా. కాబట్టి జీతం రోజు, టికెట్ బుకింగ్ రోజు సిమ్ మార్చుకోకండి. మీరు ఏమీ చేయకుండానే సిగ్నల్ పూర్తిగా పోయి గంట దాటినా రాకపోతే ఇంకో ఫోన్ నుంచి కంపెనీకి, బ్యాంకుకి చెప్పండి. మీ సిమ్ ఇంకెవరో తీసుకుని ఉండొచ్చు.

ఎవరో ఫోన్‌లో చెబితే స్టార్, హ్యాష్ గుర్తులతో ఉండే నంబర్లు డయల్ చేయొద్దు. కొరియర్ వాడినని చెప్పి కాల్ ఫార్వర్డింగ్ పెట్టించే ఎత్తు అది. మీకు రావాల్సిన కాల్స్ వాడికి వెళ్తాయి, కాల్‌లో చెప్పే ఓటీపీలతో సహా. ఫోన్ యాప్ సెట్టింగ్స్‌లో కాల్ ఫార్వర్డింగ్ తెరిచి, మీకు తెలియని నంబరు ఉంటే తీసేయండి.

లింక్, ఏపీకే

లింక్‌లో అసలు పేరు చదవడం నేర్చుకోండి. ఉత్తరం మీద ఊరి పేరు చివర రాసినట్టే, వెబ్‌సైట్ పేరులో అసలు యజమాని చివర ఉంటాడు. మొదట్లో ఉండే రెండు ఏటవాలు గీతల (//) తర్వాత వచ్చే ఒంటి గీత (/) దగ్గర ఆగి, అక్కడినుంచి ఎడమకు చదవండి. ముందు పెద్ద బ్యాంకు పేరు పెట్టి చివర ఏదో ఊరూపేరూ లేని మాట ఉంటే ఆ చివరి మాటే నిజం. 2025లో రిజర్వ్ బ్యాంకు మన బ్యాంకులన్నింటినీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకు మారమంది. ఆ తోక బ్యాంకులకే ఇస్తారు. ముందు తాళం గుర్తు ఉంటే సైటు మంచిదని కాదు, దారి భద్రమని మాత్రమే. అవతల ఉన్నది దొంగే కావచ్చు.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను నేరుగా ఎక్కించే ఫైలు. పెళ్లికార్డు, ట్రాఫిక్ చలానా పేర్లతో వాట్సాప్‌లో వస్తుంటాయి. పెళ్లికార్డు ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, ఇన్‌స్టాల్ చేయమని ఎప్పుడూ అడగదు. ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే తెరవొద్దు. ఒక మేస్త్రీ ఫోన్‌లో చలానా పేరుతో అలాంటిది ఎక్కింది. పర్మిషన్లు తెరిచి చూస్తే ఎస్ఎంఎస్ చదివే అనుమతి తీసుకుని ఉంది. అంటే బ్యాంకు ఓటీపీలన్నీ వాడికి కనిపిస్తాయి. అలా జరిగితే వెంటనే ఏరోప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆపేయండి, అప్పుడు రెండు దారులూ మూసుకుంటాయి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ. కాస్త ఊపిరి పీల్చుకున్నాక ఆ యాప్ తీసేయడం, ఫోన్ రీసెట్ చేయడం చూసుకోవచ్చు.

వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాంతో కనిపించి డిజిటల్ అరెస్ట్ అంటే కట్ చేయండి. మన చట్టంలో అలాంటిది లేదు. వాట్సాప్ డీపీలో ఎవరి ఫోటో అయినా పెట్టుకోవచ్చు.

ఈమెయిల్ గురించి ఒక్క ముక్క, ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లల కోసం. టూ అంటే ఎవరికి రాస్తున్నామో వాళ్లు, సీసీ అంటే తెలియడానికి ఒక కాపీ, బీసీసీలో ఉన్నవాళ్లు మిగతావాళ్లకు కనిపించరు. ఒకే రెజ్యూమె పది కంపెనీలకు పంపేటప్పుడు అందరినీ టూలో పెట్టకండి, విడివిడిగా పంపండి. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటకూడదు.

ఫోన్ పోయినా, నంబరు వదిలేసినా

ఐఎంఈఐ అంటే ఫోన్‌కు ఉండే 15 అంకెల గుర్తింపు. సిమ్ మార్చినా అది మారదు. *#06# నొక్కితే కనిపిస్తుంది, రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండుంటాయి. ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు, అదే నంబరుతో కొత్త సిమ్, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వ సైటు సంచార్ సాథీలో ఐఎంఈఐ బ్లాక్. అదే సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూడొచ్చు. మీకు తెలియని నంబరు కనిపిస్తే నాది కాదని అక్కడే చెప్పండి.

కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్లేవాళ్లు బెంగళూరులో తీసుకున్న సిమ్‌కు రీచార్జ్ ఆపేస్తారు. కొన్నాళ్లకు ఆ నంబరు వేరేవాళ్లకు ఇస్తారు. ఆధార్, బ్యాంకు, పీఎఫ్ ఇంకా ఆ నంబరుకే ఉంటే మీ ఓటీపీలు వాళ్లకు వెళ్తాయి. కాబట్టి సిమ్ వదిలే ముందు ఆధార్ సెంటర్‌లో నంబరు మార్పించండి, తర్వాత బ్యాంకులో, తర్వాత పీఎఫ్‌లో. వాట్సాప్‌లో చేంజ్ నంబర్ నొక్కితే చాట్లు, గ్రూపులు కొత్త నంబరుకు వచ్చేస్తాయి. ఇవన్నీ పాత సిమ్ పని చేస్తుండగానే చేయాలి. కొన్నింటికి ఆ పాత నంబరుకే ఓటీపీ వస్తుంది.